ఒక చేత్తో తెరుచుకునే మూత

కొందరు మనిషి ముఖం చూసి మాట్లాడతారు. కొందరు చెప్పులు చూసి మాట్లాడతారు. మా అక్క మొగుడు, అంటే మా బావ, ఎవరింటికి వెళ్లినా ముందు మూతలు చూసేవాడు. ఒకసారి జబ్బుమనిషిని పలకరించడానికి అందరం కలిసి వెళ్లాం. మంచం పక్కన స్టూలు మీద మందుసీసా ఉంది. బావ దాని మూత తిప్పి తీశాడు, బిగించాడు, మళ్లీ తీశాడు. "మరలో ఒక చుట్టు ఎక్కువైంది" అన్నాడు. మంచం మీది మనిషి తనకేదో కొత్త రోగం బయటపడిందనుకుని బెంబేలెత్తిపోయాడు. దారిలో మా అక్క, "పలకరింపుకి వెళ్లి సీసా ఆరోగ్యం కనుక్కొచ్చారు" అంది. బావ నొచ్చుకోలేదు. సీసా పరిస్థితి నిజంగానే బాగాలేదన్నాడు.

ఆయన పనిచేసే కార్ఖానాలో బండ్లకి ఎయిర్ ఫిల్టర్లు తయారయ్యేవి. ఇంజను పీల్చే గాలిలో దుమ్ము లోపలికి పోకుండా మడతల కాగితంతో చేసిన ఫిల్టరు ఒకటి ఉంటుంది. అది కూర్చునే గుండ్రటి డబ్బా ఒకటి, ఆ డబ్బా చివర మూత ఒకటి. కాగితం గొప్పతనం గురించి కార్ఖానా గోడలనిండా బొమ్మలుండేవి. డబ్బా గురించి కేటలాగులో ఒక పేజీ ఉండేది. మూత గురించి ఎక్కడా ఏమీ ఉండేది కాదు. డ్రాయింగు సెక్షనుకి వచ్చిన మూతలన్నీ మా బావ బల్ల మీదికే చేరేవి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, మిగతావాళ్లు వద్దన్న పని కాబట్టి ఆయనకిచ్చారు. తర్వాత బాగా చేస్తున్నాడు కాబట్టి ఆయన దగ్గరే ఉంచేశారు. ఉద్యోగాల్లో ఎక్కువమందికి శిక్ష పడేది ఈ రెండో కారణం మీదే. కార్ఖానాలో ఆయన పేరు మూతల మేష్టారు.

బావకి ఒక అన్న ఉండేవాడు. నాకు ఆయన పెద్దబావగారు. తండ్రి పోయినప్పుడు ఆయన బడి మానేసి లారీల కింద దూరాడు కాబట్టి మా బావ బడికి వెళ్లగలిగాడు. ఈ సంగతి ఇద్దరూ ఎప్పుడూ అనుకోగా నేను వినలేదు. పెద్దబావగారికి ఊరి చివర రేకుల షెడ్డు ఉంది. కంకర తోలే లారీలన్నీ అక్కడికే వచ్చేవి. ఒకనాడు జాకీ జారి ఆయన ఎడమచేయి నలిగింది. వేళ్లు అయిదూ మిగిలాయి గానీ ఒక్కటీ మాట వినదు.

"ఎడం చెయ్యి రిటైరైంది, కుడిదానికింకా సర్వీసుంది" అనేవాడాయన.

ఆ మాట వట్టి గొప్ప కాదు. మోకాలితో అదిమి, గడ్డంతో ఆపి, పళ్లతో తాడు లాగి, ఒంటిచేత్తో ఇంజను మొత్తం విప్పి బిగించేవాడు. ఆయనకి లొంగనిది ఒక్కటే. ఎయిర్ ఫిల్టరు మూత. దాని చుట్టూ స్ప్రింగు క్లిప్పులుంటాయి. ఇటు క్లిప్పు వేస్తుంటే అటు అంచు లేస్తుంది, అటు నొక్కితే ఇటుది ఊడుతుంది. రెండు చేతులున్నవాడికి అది రెండు నిమిషాల పని. ఒంటిచేతివాడికి పూట గడిచినా కాదు. ఎదురుగా ఉన్న టీకొట్టతను వచ్చి పట్టుకుంటే గానీ పడేది కాదు.

"ఇంజను నేను విప్పుతాను. డబ్బా మూత పెట్టడానికి టీకొట్టువాణ్ణి పిలవాలి" అన్నాడు ఒకరోజు మా ముందు. "వాడు టీ పొయ్యిమీద వదిలేసి వస్తాడు. మంచివాడు కాబట్టి ఏమనడు. ఏమనకపోతేనే నాకు కష్టంగా ఉంటుంది. ఇలా మూత మూతకీ మనిషిని పిలవాల్సొస్తే షెడ్డుకి తాళమేసి ఇంట్లో కూచుంటాను."

ఇంట్లో కూచోవడం అనే మాటని ఆయన, వేరేవాళ్లు ఆస్పత్రి పేరు చెప్పినట్టు చెప్పేవాడు. అంటే అంతపనీ చేసే మనిషి. మా బావకి ఆ సంగతి అందరికన్నా బాగా తెలుసు.

"నువ్వేం కూచోవద్దు. నేను చేస్తాను కదా" అన్నాడు బావ. "ఒక చేత్తో తీసేది. ఒక చేత్తో పెట్టేది."

"నా చెయ్యి కోసం మీ కంపెనీ మూత మారుస్తుందిట్రా?"

"నీ చెయ్యి సంగతి వాళ్లకెవరు చెప్తారు?"

చెప్పలేదు. క్లిప్పులు తుప్పు పడుతున్నాయనీ, గతుకుల్లో ఊడుతున్నాయనీ, పోటీ కంపెనీవాళ్లు ఏదో మొదలుపెట్టారట అనీ చెప్పాడు. మొదటి రెండూ నిజం. పని జరిపించింది మాత్రం మూడోది. మేనేజరు వినకముందు నిలువునా, విన్నాక అడ్డంగా తల ఊపే మనిషి. పోటీ అన్న మాట దగ్గర మాత్రం ఆ తల నిలువుగానే ఆగిపోయింది.

తర్వాత చాలాకాలం మా అక్క ఇంట్లో ఏ డబ్బాకీ దాని మూత దక్కలేదు. బావ మనసులో ఉన్నది ఇది. మూత అంచుకి మూడు చెవులు. డబ్బా అంచులో మూడు గాళ్లు. చెవులు గాళ్లలోకి దించి పావుచుట్టు తిప్పితే, లోపలి ఏటవాలు మీద అవి జారుకుంటూ పోయి బిగుసుకోవాలి. చివర ఒక చిన్న నాలుక టక్కుమని పడి, మూత వెనక్కి తిరగకుండా పట్టుకోవాలి. తీసేటప్పుడు బొటనవేలితో ఆ నాలుక ఎత్తి, అదే చేత్తో తిప్పితే చాలు. ముందు అట్టముక్కలతో చేశాడు. తర్వాత ఉప్పుడబ్బా, సబ్బుపొడి డబ్బా కోశాడు.

"ఈ ఇంట్లో మూతలకి చెవులు మొలుస్తున్నాయి, మనుషులకి మాత్రం వినపడదు" అంది మా అక్క. సబ్బుపొడి అయిపోయిందని ఆమె అప్పటికి చాలాసార్లు చెప్పి ఉంది.

గీతలు కుదిరాక అచ్చు పోయడం అచ్చుల తాత వంతు. కార్ఖానాలో ప్లాస్టిక్కు అచ్చులన్నీ చేసే పెద్దాయన ఆయన. మనవలు పుట్టకముందునుంచే అందరికీ తాత. నాలుక మరీ పలచన అని ఒకసారి, మరీ మందం అని ఒకసారి ఇద్దరూ పోట్లాడుకున్నారు. మాట్లాడుకోవడం మానేసి, చీటీలు కూడా రాసుకోకుండా, నమూనాలు మాత్రం ఒకరి బల్ల మీద ఒకరు పెట్టిపోయే దశ కూడా దాటాక, మంచి నమూనా ఒకటి తయారైంది. దుమ్ముగదిలో పెట్టారు. చుక్క దుమ్ము లోపలికి పోలేదు. వణికించే బల్ల మీద రోజులతరబడి వణికించారు. బల్ల బోల్టు ఊడింది గానీ మూత ఊడలేదు.

ఇక చేతి పరీక్ష. పరీక్ష బెంచీ కార్ఖానా పుట్టినప్పటిది, పొట్టిది. దాని అంచు తరతరాల పనివాళ్లు ఆనుకుని ఆనుకుని నున్నబడి ఉంటుంది. డబ్బాని దానిమీద అడ్డంగా బిగించి, మూత మనిషివైపు వచ్చేట్టు పెట్టారు. ఎడమచేయి వీపు వెనక్కి పెట్టుకుని కుడిచేత్తో తీసి పెట్టాలి. బావ తీశాడు, పెట్టాడు. తాత తీశాడు, పెట్టాడు. గుమాస్తాలు వచ్చారు. క్యాంటీను వంటాయన వచ్చి పిండిచేత్తో తీసి పెట్టి, "ఇలాంటిది నా గంగాళానికొకటి చెయ్యండి మేష్టారూ" అన్నాడు. చివరికి మేనేజరు కోటు విప్పకుండా వచ్చి తీశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మేనేజర్లు ఏ మూత తీసినా కొడతారు గానీ, ఆరోజు మనస్ఫూర్తిగా కొట్టారు.

అన్నకి ఒకటి పట్టుకెళ్లి చూపిద్దామని బావకి ఉంది. నమూనా గేటు దాటకూడదని కంపెనీ నియమం. ఒక చిన్న స్క్రూ కూడా జేబులో వేసుకుని ఎరగని మనిషి. "నీ చేతికే వస్తుంది, ఎలాగూ లారీలకి బిగిస్తారు కదా" అని మాత్రం అన్నకి చెప్పాడు. ఆయన ఆ వారంలో టీకొట్టతన్ని పిలిచి, "ఇంకొన్నాళ్లు ఓపిక పట్టరా, మా తమ్ముడు చేస్తున్నాడు" అన్నాడట.

కొనేవాళ్లకి చూపించే రోజు వచ్చింది. కంకర క్వారీ నడిపే పెద్ద సంస్థ. వాళ్ల లారీలు బారులు తీరి ఉన్న ఆవరణలో ఒకదానికి కొత్త డబ్బా బిగించారు. లారీ మీద డబ్బా క్యాబిను వెనక, మనిషి ముఖమంత ఎత్తున ఉంటుంది. మేనేజరు పరిచయవాక్యాలు చెప్పాడు. "ఒక చేత్తో తెరుచుకునే మూత" అన్న మాట తనే కనిపెట్టినట్టు ఆగి ఆగి చెప్పాడు. వాళ్ల మెకానిక్కు ముందుకొచ్చి, నాలుక ఎత్తి, తిప్పాడు. రాలేదు. మూతని తనవైపు లాగుతూ తిప్పాడు. ఇంకా బిగుసుకుంది. డ్రైవరొకడు వచ్చి చొక్కాకి చేతులు తుడుచుకుని రెండు చేతులా లాగాడు. లారీ కదిలింది.

"అలా కాదు, చాలా తేలిక" అని బావ వెళ్లాడు.

ఆయన నాలుక ఎత్తాడు, తిప్పాడు. కార్ఖానాలో కొన్ని వందలసార్లు కళ్లు మూసుకుని తీసిన మూత. రాలేదు. కొంచెంసేపు అది తన మూతేనా అన్నట్టు చూశాడు. మళ్లీ తిప్పాడు. నేను అప్పట్లో ఆ కార్ఖానా స్టోర్సులోనే ఉండేవాణ్ణి, డబ్బాలు మోయించుకుని వెంట వచ్చాను. బావ నావైపు చూశాడు. పెళ్లిలో తాళిబొట్టు మరిచిపోయి వచ్చినవాడు చూసినట్టు చూశాడు.

అప్పుడు క్వారీ స్టోర్సు అధికారి నవ్వడం మొదలుపెట్టాడు. ఆయన సన్నటి, అనుమానపు మనిషి.

"మీరు చేసిన మూత మీకే రావట్లేదా?"

"అదీ, ఇక్కడ ఎత్తు..."

"మా వాళ్లకీ రాదు. అంతేగా? ఎవడికీ రాదు." ఆయన నవ్వు ఆగింది. మూత దగ్గరికొచ్చి దాన్ని ఆప్యాయంగా తట్టాడు. "మా దగ్గర కొత్త ఫిల్టరు వేసిన మర్నాటికి పాతది ఉంటోందండీ. ఎవడు మారుస్తున్నాడో దేవుడికి తెలియాలి. కాపలా పెట్టాం. కాపలావాడి బండికి కొత్త ఫిల్టరొచ్చింది. ఇలాంటి మూత కోసమే చూస్తున్నాం."

మేనేజరుకి ఊపిరి పీల్చుకున్నంతసేపు కూడా పట్టలేదు. "అందుకేనండి ఇలా చేశాం" అన్నాడు. "దీనికి ప్రత్యేకంగా ఒక తాళంచెవి ఇస్తాం. పొడుగు పిడితో. అది మీ ఒక్కరి దగ్గరే ఉంటుంది. మా మేష్టారు దీనిమీదే నిద్రాహారాలు మాని పనిచేశారు."

మేష్టారు కనీసం ఆ పూట ఆహారం మానేశాడు.

మర్నాడు బావ కార్ఖానాకి వెళ్లి తిన్నగా పరీక్ష బెంచీ దగ్గరికి నడిచాడు. అచ్చుల తాతని పిలిచి తియ్యమన్నాడు. తాత ఒంటిచేత్తో తీశాడు.

"తాతా, ఒక్క అడుగు వెనక్కి జరిగి తియ్యి."

తాత జరిగి తిప్పాడు. రాలేదు. గింజుకున్నాడు. రాలేదు.

"ఇప్పుడు ముందుకి రా."

ముందుకొచ్చాడు. వచ్చింది. ఇద్దరూ తలదించుకుని చూశారు. తాత పొట్ట మూత మీద ఆని ఉంది. మూత వెనక ఉన్న రబ్బరు రింగు గట్టిది. అది మూతని బయటికి తోస్తుంటే చెవులు గాళ్లలో బిగుసుకుపోతాయి. ఎవరైనా మూతని లోపలికి గట్టిగా నొక్కితేనే చెవులు వదులవుతాయి. చేతి బలం చాలదు, మనిషి బరువు కావాలి. ఆ పొట్టి బెంచీ దగ్గర నిలబడ్డ ప్రతివాడూ తనకి తెలియకుండానే పొట్ట ఆనించి ఆ బరువు ఇస్తూ వచ్చాడు. గుమాస్తాలకి కూర్చుని పెరిగిన పొట్టలు, తాతకి వయసు పొట్ట, వంటాయనకి వృత్తి పొట్ట, మేనేజరుకి పదవి పొట్ట. కార్ఖానాలో పొట్ట లేనివాడంటూ ఉంటే ఆ మూత ఆరోజే దొరికిపోయేది.

"ఒక చెయ్యి కాదు తాతా" అన్నాడు బావ. "ఒక చెయ్యీ ఒక పొట్టా."

"పొట్టకోసం చేసే పనులు పొట్టతోనే చేస్తాం కదా మేష్టారూ" అన్నాడు తాత. ఓదార్పు అనుకున్నాడో ఏమో.

బావ రింగు మెత్తబరిచి, ఏటవాలు తగ్గించి, రాత్రికి రాత్రి కాదుగానీ త్వరలోనే కొత్త డ్రాయింగు వేసి మేనేజరు ముందు పెట్టాడు.

"ఇదేమిటి?"

"ఇది నిజంగానే ఒక చేత్తో వస్తుందండి."

మేనేజరు తల అడ్డంగా ఊగింది. "మేష్టారూ, మీకు మతి గానీ పోయిందా? అది రాదనే కదా వాళ్లు కొంటున్నారు. వచ్చే మూత ఎవరైనా చేస్తారు."

అలా మా బావ జీవితమంతా తేలిగ్గా తెరుచుకునే మూత కోసం కష్టపడి, తెరుచుకోని మూతకి పేరు తెచ్చుకున్నాడు. కేటలాగులో మొదటిసారి మూతకి ఒక పేజీ వచ్చింది. సభ పెట్టారు. "దొంగల గుండెల్లో నిద్రపోయిన మేధావి" అన్నారు. బావ వేదిక మీద, తన పెళ్లి తప్పిపోయిందని తెలిసిన పెళ్లికొడుకులా కూర్చున్నాడు. మా అక్క నా చెవిలో, "ఇంత పొగుడుతుంటే ఈయన మొహమేమిట్రా సబ్బుపొడి తిన్నట్టుంది" అంది.

తర్వాత బావ తన అన్న షెడ్డుకి వెళ్లడం తగ్గించాడు. పని ఎక్కువగా ఉందన్నాడు, కాలు నొప్పి అన్నాడు. చివరికి పెద్దబావగారే ఫోను చేశాడు. "నీ మూత వచ్చిందిరా మన షెడ్డుకి. ఇంకా చెయ్యి వెయ్యలేదు, నువ్వొచ్చాక తీద్దామని ఆగాను."

నేనూ బావ వెంట వెళ్లాను. పెద్దబావగారు చెయ్యి శుభ్రంగా కడుక్కుని, ఉతికిన చొక్కా వేసుకుని ఉన్నాడు. ఇక తనని పిలవక్కర్లేదని చూపించడానికి కాబోలు, టీకొట్టతన్ని ప్రత్యేకంగా పిలిచాడు. క్వారీ లారీ నిలబడి ఉంది. ఆయన నాలుక ఎత్తి తిప్పాడు. మళ్లీ తిప్పాడు. ఎడమ మోచేత్తో నొక్కి చూశాడు, భుజం పెట్టి చూశాడు.

"తిరగట్లేదేంట్రా?"

బావ చెప్పాడు. బెంచీ, రింగు, పొట్టలు, మేనేజరు, రెండు చేతులా తిప్పాల్సిన తాళంచెవి, అన్నీ చెప్పాడు. ఏదీ దాచలేదు. టీకొట్టతను మధ్యలోనే మెల్లగా జారుకున్నాడు.

పెద్దబావగారు చెక్కపెట్టె ఒకటి లారీ పక్కకి తోసి దానిమీద ఎక్కాడు. ఉన్నంత పొట్టని మూతకి ఆనించాడు. ఆయనది ఎముకల గూడు, ఆనించడానికేమీ లేదు. ముందుకి తోస్తే పెట్టె వెనక్కి జారింది. ఎడంచేత్తో లారీ కడ్డీ పట్టుకుని ఒంటిని దగ్గరికి లాక్కోవాలి. ఆ వేళ్లు పట్టుకోవు. ఆయన దిగిపోయాడు.

"ఆ తాళంచెవి ఒకటి తెప్పిస్తాను" అన్నాడు బావ.

"వద్దు. దొంగతాళం పెట్టుకున్న షెడ్డని పేరొస్తుంది. పైగా దానికీ రెండు చేతులు కావాలంటున్నావు." ఆయన చెయ్యి గుడ్డతో తుడుచుకున్నాడు. "లారీలన్నిటికీ ఇదే వస్తుందిట కదా ఇక. మంచిదే. నువ్వు పైకొచ్చావు, అది చాలు." మేకుకి వేలాడుతున్న షెడ్డు తాళం తీసి చేతిలో పట్టుకున్నాడు. దాని మీది దుమ్ము ఊదాడు. ఆ షెడ్డుకి పగలు తాళం పడగా నేను చూడలేదు.

బావ చొక్కా చేతులు మడిచి పెట్టె ఎక్కాడు. ఎడంచేత్తో కడ్డీ పట్టుకున్నాడు. దశాబ్దాలపాటు కుర్చీలో కూర్చుని సంపాదించిన పొట్టని మూతకి ఆనించి, కుడిచేత్తో తిప్పాడు. మూత వచ్చేసింది.

"నిన్ను ఎవడు పిలిచాడ్రా?" అన్నాడు అన్న.

"ఎవరూ పిలవలేదు. అదే చెప్తున్నాను. మనిషిని పిలవాల్సొస్తే కదా నువ్వు తాళం వేసేది. పిలవకుండానే వస్తే ఏం చేస్తావు?"

పెద్దబావగారు తాళం మళ్లీ మేకుకి తగిలించాడు. "ఫిల్టరు దులిపి ఇటివ్వు" అన్నాడు.

మొదట్లో సెలవురోజుల్లో వెళ్లేవాడు. పదవీ విరమణ అయ్యాక రోజూ పొద్దున్నే వెళ్లడం మొదలుపెట్టాడు. కొత్త డ్రైవరొకడు, పెట్టెమీద ఎక్కి లారీని కావలించుకున్న పెద్దమనిషిని చూసి ఎవరని అడిగితే, "మా తమ్ముడు, మూతలు తీస్తాడు" అన్నాడు పెద్దబావగారు. డ్రైవరు, ఇలాంటి మూత చేసినవాణ్ణి నిలబెట్టి అడగాలన్నాడు. "అడగాల్సిందేనండి" అన్నాడు బావ పైనుంచి. "వాడికి పొట్ట తప్ప ఏమీ లేదు."

ఈమధ్య బావకి గుండె పరీక్షలు చేయించాం. పొట్ట తగ్గాలన్నాడు డాక్టరు. మా అక్క ఆ పూటనుంచే కంచంలో సగం తీసేసింది. నెల తిరగకుండా పెద్దబావగారు ఇంటికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అమ్మాయ్, వాడు చిక్కిపోతున్నాడు. నిన్న మూత తియ్యడానికి మూడుసార్లు పట్టింది."

"డాక్టరు ఇంకా తగ్గమన్నాడండీ. గుండె మీద భారమట" అంది అక్క.

లోపల బావ, సగం కంచం ముందు, చెవులొగ్గి వింటున్నాడు.

"డాక్టరు మాట కాదనకూడదు. తగ్గించు" అన్నాడు పెద్దబావగారు చివరికి. "ఒక్కసారిగా మాత్రం తగ్గించకు. మెల్లిమెల్లిగా కానియ్యి. ఈలోపల నేను కాస్త ఒళ్లు చేస్తాను. నాకేమైనా వండి పంపగలవా?"